సీఆర్‌పీ 4.8 వచ్చింది, నాన్నకు పేగు క్యాన్సర్ ఉండేది: అలవాట్లలో ఏం మార్చుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. వయసు 42, చిత్తూరులో బ్యాంకు ఉద్యోగం, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు, నడుము 101 సెంటీమీటర్లు. నాన్నగారికి 54వ ఏట పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది. మొన్న హెల్త్ చెకప్‌లో హైసెన్సిటివ్ సీఆర్‌పీ 4.8 వచ్చింది. ‘ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంది, అదే ముదిరి క్యాన్సర్ అవుతుంది’ అని ఎవరో భయపెట్టారు. పసుపు నీళ్ళు, నోని జ్యూస్, అన్నం మానేయడం, వీటిలో ఏది పనిచేస్తుందన్నది మీ ప్రశ్న. భోజనం తర్వాత వక్కపొడి, ఆదివారం పొట్టేలు మాంసం, నెలకు రెండుమూడుసార్లు మందు ఉన్నాయని కూడా దాచకుండా రాశారు. అది మంచిదయింది, ఎందుకంటే జవాబంతా అక్కడే ఉంది.

సూటిగా చెప్తాను. మీరు చేయాల్సిన మొదటి పని తిండి గురించి కాదు, కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష. రెండోది వక్కపొడి పూర్తిగా మానడం. మూడోది నడుము కొలత తగ్గించడం. మిగతా అలవాట్లన్నీ ఈ మూడింటి తర్వాతే. పసుపు నీళ్ళు తాగితే నష్టమేమీ లేదు కానీ అవి తాగుతున్నాం కదా అని పై మూడూ వాయిదా వేస్తే మాత్రం పెద్ద నష్టం.

సీఆర్‌పీ గురించి ముందు భయం తీరాలి

సీఆర్‌పీ కాలేయం తయారుచేసే ఒక ప్రోటీన్. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ ఉన్నా అది పెరుగుతుంది. ఎక్కడ ఉందో, ఎందుకు ఉందో మాత్రం చెప్పదు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అంటారు. ఈ విభజన గుండెజబ్బు ముప్పు అంచనా కోసం పెట్టుకున్నది. ఇది క్యాన్సర్ పరీక్ష కాదు. 10 దాటితే సాధారణంగా ఏదో ఇన్‌ఫెక్షనో దెబ్బో ఉన్నట్టు, అప్పుడు ఆ అంకెను పక్కనపెట్టి తగ్గాక మళ్ళీ చేయించాలి.

మీ 4.8కి కారణాలు చాలా మామూలువి అయ్యుండొచ్చు. జలుబు చేసి వారమే అయింది, చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది, ముందురోజు నిద్ర లేదు, అన్నిటికంటే ఎక్కువగా పొట్ట చుట్టూ కొవ్వు. రెండుమూడు వారాల తర్వాత, ఏ జబ్బూ లేని రోజు చూసుకుని మళ్ళీ ఒకసారి చేయించండి. ఒకే ల్యాబ్‌లో చేయించండి. రిపోర్టులో యూనిట్ కూడా చూడాలి: కొన్ని ల్యాబ్‌లు డెసిలీటరుకు రాస్తాయి, అక్కడ 0.48 అని ఉంటే అది మీ 4.8తో సమానమే. అది చూసి పదో వంతుకు తగ్గిందని సంబరపడేవాళ్ళూ, అటునుంచి ఇటు మారినప్పుడు పదింతలు పెరిగిందని ఏడ్చేవాళ్ళూ ఉంటారు. ఇంకో మాట, సీఆర్‌పీ 0.6 వచ్చినా మీకు కొలనోస్కోపీ తప్పదు.

ఇన్‌ఫ్లమేషన్‌కూ క్యాన్సర్‌కూ సంబంధం నిజమే, కానీ మీకు చెప్పినట్టు కాదు

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఎర్రబడి వాస్తుంది. తెల్ల కణాలు వచ్చి, ఘాటైన ఆక్సిజన్ రసాయనాలతో సూక్ష్మక్రిముల్ని చంపి, పక్కనున్న కణాల్ని ‘విభజించండి, పుండు పూడ్చండి’ అని పురమాయిస్తాయి. ముల్లు తీసేస్తే నాలుగు రోజుల్లో అంతా సద్దుమణుగుతుంది. ముల్లు తీయకపోతే? అదే పని నెలలు, ఏళ్ళు సాగుతుంది. ఆ రసాయనాలు మన కణాల డీఎన్‌ఏని కూడా దెబ్బతీస్తాయి. అలా దెబ్బతిన్న కణాల్నే ఆగకుండా విభజించమని ఒత్తిడి చేస్తున్నాం. తప్పులు అక్కడ పేరుకుంటాయి. కణితుల్లో తెల్ల కణాలు ఉంటాయని రుడాల్ఫ్ విర్కో 1863లోనే గమనించారు. కడుపు పుండ్లకు హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కారణమని నిరూపించిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. అదే బ్యాక్టీరియా ఏళ్ళ తరబడి కడుపులో ఉండిపోతే కొందరిలో కడుపు క్యాన్సర్‌కు దారితీస్తుంది. హెపటైటిస్ బీ, సీ కాలేయంలో, అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగులో, పొగాకు, వక్క నోట్లో చేసేదీ ఇదే పని.

కాబట్టి ‘ఇన్‌ఫ్లమేషన్’ అనేది ఒంటినిండా పరుచుకున్న ఒకే జబ్బు కాదు. ఒక్కో అవయవంలో ఒక్కో ముల్లు. పొయ్యిలో కట్టె అలాగే ఉంచి నీళ్ళు చిలకరిస్తుంటే మంట ఆరదు, కట్టె బయటికి లాగాలి. పసుపు, అల్లం, గ్రీన్ టీ అన్నీ ఆ చిలకరించే నీళ్ళే.

మందుతో ఇన్‌ఫ్లమేషన్‌ని అణిచేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. దాన్నీ పరీక్షించారు. గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ 2 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న 10 వేల మందికి పైగా రోగులతో కానకినుమాబ్ అనే ఇంజక్షన్ మీద జరిగిన కాంటోస్ ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గినట్టు కనిపించింది, అదే సమయంలో ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. ఇన్‌ఫ్లమేషన్ మన రక్షణ వ్యవస్థ కూడా, దాన్ని గుడ్డిగా అణచకూడదు. ఆస్పిరిన్ కూడా సొంతంగా మొదలుపెట్టకండి. కొన్ని వంశపారంపర్య సందర్భాల్లో డాక్టర్లు ఇస్తారు కానీ కడుపులో, మెదడులో రక్తస్రావం ముప్పు నిజమైనది.

కొలనోస్కోపీ ఇప్పుడే ఎందుకు

తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా 60 ఏళ్ళలోపు పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే, మిగతావాళ్ళు 40వ ఏటగానీ, ఆ వ్యక్తికి బయటపడిన వయసుకు పదేళ్ళ ముందుగానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలన్నది వాడుకలో ఉన్న నియమం. మీ లెక్కలో 54 నుంచి 10 తీస్తే 44, దానికంటే 40 ముందు. అంటే రెండేళ్ళు ఆలస్యమైంది. పేగులో చిన్న పాలిప్ (పేగు లోపలి గోడ మీద పుట్టే కండ) క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ళ దాకా పడుతుంది కాబట్టి కంగారుపడాల్సిన పని లేదు, ఈ నెలలో చేయించుకుంటే చాలు. పాలిప్ కనిపిస్తే అప్పటికప్పుడే తీసేస్తారు. క్యాన్సర్‌ని కనిపెట్టడమే కాదు, రాకుండా ఆపే పరీక్ష ఇది. ఏ అలవాటు మార్పూ మీకు ఇంత లాభం ఇవ్వదు. అంతా బాగుంటే మళ్ళీ ఐదేళ్ళకు. మలంలో రక్తం చూసే ఫిట్ పరీక్ష మామూలు ముప్పు ఉన్నవాళ్ళకు మంచిదే, మీకు అది దీనికి బదులు కాదు.

మీకు వేలూరు సీఎంసీ, తిరుపతి స్విమ్స్ రెండూ అందుబాటులోనే ఉన్నాయి. గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగం ఉన్న ఏ ఆసుపత్రి అయినా ఫరవాలేదు.

ఎక్కువమంది దగ్గర తేడా కొట్టేది పేగు శుభ్రం చేసుకోవడంలో. మూడు రోజుల ముందు నుంచి సంగటి, ఆకుకూరలు, చెనిక్కాయలు, జామకాయ, టమాటా గింజలు ఆపేయాలి. తెల్లన్నం, ఇడ్లీ, పెరుగు, వడకట్టిన రసం తినొచ్చు. ముందురోజు ద్రవాలే. ఆసుపత్రిలో ఇచ్చే విరేచనాల మందు కలిపిన నీళ్ళు సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందు తాగాలి. ‘రాత్రే మొత్తం తాగేస్తే తెల్లారి పడుకోవచ్చు’ అనుకుంటే పేగు కుడివైపు సరిగ్గా శుభ్రం కాదు, అక్కడి పాలిప్‌లు దొరకవు. చివరికి విరేచనం మూత్రంలా లేత పసుపుగా, తేటగా రావాలి. ముక్కలు వస్తుంటే నర్సుకు చెప్పండి, మొహమాటపడి బల్ల ఎక్కొద్దు. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి. షుగర్ మాత్రలు, రక్తం పలుచబరిచే మాత్రలు ఉంటే ఎలా మార్చాలో వాళ్ళనే అడగాలి.

ఇంకొకటి. నాన్నగారి బయాప్సీ కాగితాలు వెతకండి. అందులో ‘ఎంఎంఆర్’ పరీక్ష (డీఎన్‌ఏలో తప్పుల్ని సరిదిద్దే ప్రోటీన్లు కణితిలో ఉన్నాయో లేవో చూసేది) రాసి ఉందేమో చూడండి. లేకపోతే, ఆసుపత్రిలో కణితి ముక్కల మైనపు దిమ్మెలు దాచి ఉంటే ఇప్పుడైనా చేయించవచ్చు. ఆ ప్రోటీన్లు లోపించి ఉంటే లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బు ఉండొచ్చు, అప్పుడు మీ ఇంటిల్లిపాది పరీక్షల లెక్కే మారిపోతుంది. మేనత్తకో నానమ్మకో గర్భసంచి క్యాన్సర్ వచ్చిందేమో కూడా అడిగి రాసుకోండి, అదీ పేగు క్యాన్సరూ ఒకే తాడుకు చెందినవి.

వక్కపొడి: ‘పొగాకు లేదు కదా’ అన్నది చెల్లదు

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ వక్కను ఒక్కదాన్నే కూడా మనుషుల్లో క్యాన్సర్ కారకంగా మొదటి వర్గంలో పెట్టింది. పొగాకు కలిస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది కానీ కలవకపోయినా ఉంది. వక్కలోని అరెకోలిన్ బుగ్గ లోపలి చర్మంలో పీచులాంటి కణజాలాన్ని పెంచుతుంది. మొదట కారం తింటే మంట, తర్వాత బుగ్గ గట్టిపడి తెల్లగా పాలిపోవడం, చివరికి నోరు తెరుచుకోకపోవడం. దీన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. మానేసినా పూర్తిగా వెనక్కి పోదు, అందుకే తొందరగా ఆపాలి.

ఇవాళే అద్దం ముందు చూసుకోండి: మీ మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పట్టాలి. పట్టకపోతే, లేదా మానని పుండు, గీకినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ రెండుమూడు వారాలు దాటి ఉంటే డెంటల్ డాక్టర్‌కు చూపించండి. విరిగిన పన్ను అంచు రోజూ నాలుకకో బుగ్గకో రాసుకుంటుంటే దాన్ని నున్నగా చేయించుకోండి, పది నిమిషాల పని.

మానడం ఎలా? భోజనం అవ్వగానే నోరు దేన్నో వెతుకుతుంది, ఆ తహతహ ఐదు నుంచి పది నిమిషాలే ఉంటుంది. ఆ పది నిమిషాలకు వేయించిన సోంపు, ఏలక్కాయ, ఒక లవంగం జేబులో ఉంచుకోండి. తమలపాకు ఇష్టమైతే వక్క లేకుండా ఉత్త ఆకు వేసుకోండి, అదీ నాలుగు రోజులకు మించి వద్దు, ఎందుకంటే ఆకు చేతికొస్తే వక్క అడుగుతుంది. బ్యాంకులో ఎవరైనా అందిస్తే ‘పంటి డాక్టరు వద్దన్నారు’ అనండి, ‘తగ్గిస్తున్నా’ అంటే మళ్ళీ మళ్ళీ అందిస్తారు. ఇంట్లో ఎవరికైనా పొగాకు ఉంటే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కి ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు. మొదటి వారం గట్టెక్కితే సగం పని అయిపోయినట్టే.

నడుము

మీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 29. మనవాళ్ళకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. మగవాళ్ళ నడుము 90, ఆడవాళ్ళది 80 సెంటీమీటర్లు దాటకూడదు. ప్యాంటు సైజు నడుము కొలత కాదు, అది పొట్ట కింద కట్టుకునే చోటు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, చొక్కా తీసి, ఊపిరి వదిలాక టేపు చుట్టాలి.

పొట్ట లోపలి కొవ్వు ఊరికే పడి ఉండే నిల్వ కాదు. దాంట్లోకి మాక్రోఫేజ్‌లనే తెల్ల కణాలు చేరి, ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ వంటి సంకేతాలు పంపుతుంటాయి, వాటికి జవాబుగానే కాలేయం సీఆర్‌పీ తయారుచేస్తుంది. మీ 4.8లో పెద్ద వాటా ఇదే అని నా అంచనా. ఇన్సులిన్ కూడా పెరుగుతుంది, అది కణాల ఎదుగుదలకు ఎరువు. అధిక బరువుతో సంబంధం తేలిన క్యాన్సర్లు 13 రకాలని ఐఏఆర్‌సీ 2016లో చెప్పింది, పెద్దపేగు వాటిలో ఒకటి.

లక్ష్యం ఆరు నెలల్లో 5 నుంచి 6 కిలోలు. అంతకంటే పరుగెత్తొద్దు. మొదట చూడాల్సింది టీలు. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు స్పూన్ల చక్కెర అంటే 40 గ్రాములు, 160 క్యాలరీలు. చక్కెర బదులు బెల్లం వేస్తే లెక్క మారదు, చిత్తూరు బెల్లం ఎంత మంచిదైనా సరే. అలాగే నూనె. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు 27 గ్రాముల దాకా చెప్పింది. అంటే నెలకు మనిషికి 900 మిల్లీలీటర్లు, నలుగురున్న ఇంటికి మూడున్నర లీటర్లు. నెలాఖరున డబ్బాలు లెక్కపెడితే అసలు సంగతి తెలుస్తుంది.

అన్నం మానొద్దు, పళ్ళెంలో దాని చోటు తగ్గించండి

పెద్దపేగుకు పీచు పదార్థం చేసే మేలు బాగా నిరూపణ అయింది. అనేక పరిశోధనలు కలిపి చూసినప్పుడు రోజుకు ప్రతి 10 గ్రాముల అదనపు పీచుకూ పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 10 శాతం తక్కువగా కనిపించింది. పేగులోని బ్యాక్టీరియా పీచును పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లం చేస్తాయి, పేగు గోడ కణాలకు అదే ఆహారం, అక్కడి ఇన్‌ఫ్లమేషన్‌ని తగ్గించేదీ అదే. రోజుకు 30 గ్రాములు పెట్టుకోండి.

మన జిల్లా తిండితో ఇది కష్టమేమీ కాదు. 80 గ్రాముల రాగిపిండిలో సుమారు 9 గ్రాముల పీచు, 60 గ్రాముల కందిపప్పులో 5, ఆకుకూర 100 గ్రాములు 4, మిగతా కూరగాయలు 200 గ్రాములు 6 నుంచి 7, ఒక జామకాయ 8, గుప్పెడు చెనిక్కాయలు 3. మొత్తం 35 దాటింది. అదే మూడుపూటలా తెల్లన్నం, ఉర్లగడ్డ వేపుడు, సాంబారు అయితే 15 దగ్గర ఆగిపోతుంది. 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాములు కూడా లేదు.

సంగటిలో జరిగే తప్పులు రెండు. మొదటిది, హోటల్ సంగటిలో అన్నమే ఎక్కువ, రంగుకు రాగి. ఇంట్లో మనిషికి 80 గ్రాముల పిండి, 20–30 గ్రాముల నూకలు వేయండి. పిండిని మెత్తటి గుడ్డలో జల్లించి పొట్టు పారేయొద్దు. రెండోది, సంగటి మంచిది కదా అని రెండు ముద్దలు ఎక్కువ తినడం. రాగిలోనూ పిండిపదార్థమే ఎక్కువ. ముద్ద చిన్నదిగా, పక్కన పులగూర, అలసందల కూర పెద్దవిగా ఉండాలి.

ఉలవచారు గురించి ఒక మాట. ఉలవలు ఉడికించిన నీళ్ళు మనం తాగి, గింజలు ఎద్దులకు పెట్టడం పాత పద్ధతి. పీచంతా ఎద్దులకు పోయింది. ఆ గింజల్ని తాలింపు పెట్టి గుగ్గిళ్ళుగా తినండి. చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు కూడా పితికిపప్పుతో పాటు వారానికి రెండుసార్లు పొట్టుతోనే ఉడికించండి.

ఒకేసారి 15 నుంచి 35కి దూకితే కడుపుబ్బరం, గ్యాస్ వచ్చి నాలుగోరోజు మానేస్తారు. వారానికి 5 గ్రాములు చొప్పున పెంచండి, నీళ్ళు కూడా పెంచండి.

పాలు, పెరుగు ఇన్‌ఫ్లమేషన్ పెంచుతాయన్న ప్రచారం వీడియోల్లో ఎక్కువైంది. పెద్దపేగు విషయంలో సాక్ష్యం అటువైపు లేదు, పాలు, క్యాల్షియం ముప్పు తగ్గించే వైపే ఉంది. రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు, మజ్జిగ హాయిగా తీసుకోండి.

మాంసం: పొట్టేలు, మేక వండిన బరువు వారానికి 350 నుంచి 500 గ్రాములు దాటకుండా చూసుకోండి. ఆదివారం ఒక్కరోజు 150–200 గ్రాములైతే ఇబ్బంది లేదు. తలకాయ, కాళ్ళు కాల్చినప్పుడు పైన పట్టిన నల్లటి మసిని కత్తితో గీకి, రుద్ది కడగాలి, పొగలో పుట్టే క్యాన్సర్ కారకాలు ఆ మసిలోనే ఉంటాయి. సాసేజ్, సలామీ లాంటి నిల్వ మాంసాలు మాత్రం పూర్తిగా మానేయదగ్గవి. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని 2015లో ఐఏఆర్‌సీ లెక్క చెప్పింది. పిల్లల పిజ్జాల మీద వచ్చేవి అవే.

చెనిక్కాయలు: మంచి తిండే, బూజు పట్టనంత వరకే

మన ప్రాంతంలో ప్రతి ఇంట్లో ఉండే విషయం కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. తడి సరిగ్గా ఆరని కాయల మీద ఆస్పర్‌జిల్లస్ బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. ఇది ఇన్‌ఫ్లమేషన్ దారిలో కాకుండా నేరుగా కాలేయ కణాల డీఎన్‌ఏని చెడగొడుతుంది. హెపటైటిస్ బీ కూడా ఉన్నవాళ్ళలో రెండూ కలిసి ముప్పును అనేక రెట్లు పెంచుతాయి.

పీకిన చెట్లను కాయలు పైకి ఉండేలా తిప్పి ఆరబెట్టాలి. కాయ ఊపితే గింజ గలగలలాడాలి, గింజను వేళ్ళతో నలిపితే పొర ఊడిరావాలి, అప్పుడు ఆరినట్టు. మూటలు నేలమీద, గోడకు ఆనించి కాకుండా చెక్కల మీద పెట్టాలి. వలిచాక ముడుచుకుపోయినవి, రంగు మారినవి, చేదువి, బూజువి ఏరి పారేయాలి. వేయిస్తే, కడిగితే పోతుందనుకోవద్దు, వంటింటి వేడికి అఫ్లటాక్సిన్ చావదు. ఊరిబిండి రుబ్బేటప్పుడు ఒక గింజ చేదు తగిలితే ఉమ్మేయండి. చాలామంది చేసే పొరపాటు ఏంటంటే మంచి గింజలు అమ్మకానికి, ఏరిన తాలు గింజలు ఇంటి చట్నీకీ గానుగకూ. ఇది తిరగబడాలి. గానుగ నూనె ఆడించుకుంటే ఏరిన గింజలే తీసుకెళ్ళండి, నూనెను రెండుమూడు రోజులు కదపకుండా ఉంచి మడ్డి కిందికి దిగాక పైతేట వడకట్టుకోండి. విషం ఎక్కువగా చెక్కలోకే పోతుంది. ఆ బూజు చెక్కను ఆవుకు పెడితే మరో రూపంలో పాలలోకి వస్తుంది.

నడక, సీటు

వారానికి 150 నుంచి 300 నిమిషాలు చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పని, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత. ఎంత చురుగ్గా? నడుస్తూ ‘గోవిందా గోవిందా’ అనగలగాలి, కీర్తన మొత్తం ఊపిరి తీసుకోకుండా పాడలేకపోవాలి. ఏడాదికోసారి అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కడం భక్తికి సరిపోతుంది, ఒంటికి సరిపోదు. సాధన లేకుండా ఎక్కి మోకాళ్ళు పట్టేసి నెలరోజులు నడక మానేవాళ్ళే ఎక్కువ. మొక్కు ఉంటే రెండు నెలల ముందు నుంచి రోజుకు 40 నిమిషాలు నడిచి వెళ్ళండి.

ఎండాకాలం పొద్దున ఆరు లోపే మొదలుపెట్టండి. కౌంటర్ సీటులో ఉండేవాళ్ళు 45 నిమిషాలకోసారి లేచి రెండు నిమిషాలు నిలబడాలి, మధ్యాహ్నం, రాత్రి భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడవాలి. ఈ చిన్న నడక తిన్న తర్వాత పెరిగే షుగర్‌ని బాగా తగ్గిస్తుంది.

మిగతావి త్వరగా

మందు: ఐఏఆర్‌సీ దీన్ని 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది, పెద్దపేగు క్యాన్సర్ కూడా దాని జాబితాలో ఉంది. ‘రెడ్ వైన్ మంచిది’ అన్నది క్యాన్సర్‌కు వర్తించదు. నాన్నగారి చరిత్ర ఉన్న మీకు నెలకు రెండుమూడుసార్లు కూడా అక్కర్లేదు.

చిగుళ్ళు: బ్రష్ చేస్తే రక్తం వస్తుంటే స్కేలింగ్ చేయించండి. సీఆర్‌పీ మళ్ళీ చూసేది ఆ తర్వాతే.

హెపటైటిస్: జీవితంలో ఒకసారి హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బీకి), హెచ్‌సీవీ (సీకి) పరీక్షలు చేయించండి. బీ లేకపోతే, టీకా వేసుకుని ఉండకపోతే 0, 1, 6 నెలల్లో మూడు డోసులు.

హెచ్.పైలోరీ: కడుపునొప్పి, పుండ్లు, ఇంట్లో కడుపు క్యాన్సర్ ఉంటేనే చూడాలి. రక్తపరీక్ష వద్దు, పాత ఇన్‌ఫెక్షన్‌ని కూడా అది చూపిస్తుంది. మలంలో యాంటిజెన్ లేదా ఊపిరి పరీక్ష చేయించాలి. దానికి రెండు వారాల ముందు పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్స్ ఆపాలి. ఆపకుండా చేయిస్తే ఉన్నది లేనట్టు వస్తుంది.

పొగ: నీళ్ళ కాగుకు ఇప్పటికీ కట్టెలు పెడుతుంటే ఆరుబయట పెట్టండి. గ్రానైట్ కటింగ్ పనిలో ఎవరైనా బంధువులు ఉంటే నీళ్ళతో తడుపుతూ కోయమనండి, ఎన్95 మాస్కు కట్టుకోమనండి, తువ్వాలు సిలికా దుమ్మును ఆపదు.

పసుపు: కూరలో వేసేది వేయండి. పసుపులో కుర్కుమిన్ 3 శాతం దాకానే, అదీ రక్తంలోకి బాగా ఎక్కదు. అందుకని మిరియాల సారం కలిపిన పెద్ద డోసు గుళికలు అమ్ముతున్నారు, వాటితో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. అవి వద్దు. మెరిసే పసుపు పొడి కంటే కొమ్ములు కొని ఆడించుకోవడం మేలు, రంగుకోసం సీసం కలిసిన క్రోమేట్ కలిపేవాళ్ళున్నారు. నోని జ్యూస్‌కు పెట్టే డబ్బుతో జామకాయలు కొనండి. విటమిన్ మాత్రలు కూడా అంతే: పొగతాగేవాళ్ళకు బీటా కెరోటిన్ ఇచ్చిన రెండు పెద్ద ట్రయల్స్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది.

మూడు నెలలు ఇలా చేశాక సీఆర్‌పీ, నడుము, షుగర్ చూసుకోండి. నడుము 4 సెంటీమీటర్లు తగ్గి సీఆర్‌పీ అక్కడే ఉంటే దిగులుపడొద్దు, ఆ అంకె రోజుకో రకంగా ఊగుతుంది. నడుమునే నమ్మండి. ఆ లోపు మలంలో రక్తం కనిపించినా, మలవిసర్జన తీరు మారి మూడు వారాలు దాటినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత వచ్చినా, అది మొలల వల్లే అని మీకు మీరు తేల్చుకోకుండా వెంటనే చూపించండి.

పలమనేరులో ఉన్న మీ చెల్లెలికి 38 అన్నారు. నాన్నగారి చరిత్ర ఆమెకూ అంతే వర్తిస్తుంది, 40 నిండగానే ఆమె కొలనోస్కోపీ చేయించుకోవాలి. మీ కొలనోస్కోపీ రిపోర్టు, నాన్నగారి బయాప్సీ కాగితం రెండూ జిరాక్స్ తీసి ఆమెకు పంపండి. ఎంఎంఆర్ లోపం ఉందని తేలితే మాత్రం ఆమె 40 దాకా ఆగకూడదు.